పడమటి ఒడ్డున పచ్చ మెరుపు

రీలు కెమెరాల రోజుల మాట. కాకినాడలో యాకూబ్ మాస్టారికి మేడమీద చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడా స్టూడియో లేదు, మాస్టారూ లేరు. సత్యవేణి ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుంది.

సూర్యుడు సముద్రంలో మునిగే ఆఖరి క్షణంలో, ఎప్పుడో అరుదుగా, పై అంచు ఆకుపచ్చగా మెరిసి మాయమవుతుంది. దానికోసం ఆమె పడమటి తీరాన ఉన్న గోకర్ణం వెళ్లి పదకొండు సాయంత్రాలు కాపు కాసింది. చివరికి దొరికిన ఫోటోకి ఒక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ ఫోటో తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"బాగుందమ్మా. ఆ పచ్చ ఎలా ఉంది?"

"ఇదిగో, ఇలాగే మాస్టారూ."

"ఇది కాగితం మీది రంగు. నీ కంటికి ఎలా ఉందీ అని."

సత్యవేణి ఆ సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ కన్ను ఆనించి చూసే ఫైండర్ చీకటైపోతుంది. ఆ కాసేపూ ఆమె ఆగకుండా నొక్కుతూనే ఉంది. పచ్చ మెరిసిందన్న సంగతి రీలు కడిగాకే తెలిసింది.

"నేను చూడలేదు మాస్టారూ," అంది. అన్నాక ఏడుపొచ్చినంత పనైంది.

"మన సముద్రంలో సూర్యుడు పుట్టడమే గాని మునగడం లేదు. నేనూ చూడలేదు. ఈసారి నన్నూ తీసుకుపో," అన్నారాయన.

కార్తీకంలో వెళ్లారు. మూడు సాయంత్రాలు మబ్బే. నాలుగోనాడు ఆకాశం కడిగినట్టుంది. మర్నాడే తిరుగు రైలు.

సత్యవేణి స్టాండు నిలబెట్టి కెమెరా బిగించింది. దూరం నుంచి బటన్ నొక్కే కేబులు మాస్టారు తన చేతిలోకి తీసుకుని ఇసకలో కూచున్నారు.

"నువ్వు చూడు. నేను నొక్కుతా."

ఆమెకి దిగులనిపించలేదు. నలభై ఏళ్లుగా పెళ్లి పందిళ్లలో తాళి ముడిపడే క్షణాన్ని ఒక్కసారీ జారవిడవని చెయ్యి అది. కెమెరా వదిలి, చేతులు కట్టుకుని నిలబడింది.

సూర్యుడు సగమయ్యాడు. గోరంతయ్యాడు. నిప్పురవ్వంత మిగిలాడు.

ఆ రవ్వ పచ్చబడింది.

"అమ్మో!" అని అరిచింది సత్యవేణి, చిన్నపిల్లలా. అంతే, నీళ్లు మాత్రమే మిగిలాయి. అలల చప్పుడు మళ్లీ వినబడడానికి కొంతసేపు పట్టింది.

అప్పుడు గుర్తొచ్చి పక్కకి తిరిగింది. కేబులు మాస్టారి వేళ్ల మధ్య వదులుగా వేలాడుతోంది. ఆయన ఇంకా పడమటికే చూస్తున్నారు. గడ్డం తడిసి ఉంది.

"నొక్కారా మాస్టారూ?"

"దేన్నమ్మా?" అన్నారాయన.

సత్యవేణి వెళ్లి ఆయన పక్కన ఇసకలో కూచుంది.