దువ్వెన దగ్గర ఆగిన పిల్ల

కామేశం విసవిసా వచ్చి గురువుగారి కుటీరంలోకి అడుగుపెట్టాడు. నిరంజనస్వామి నేలమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"ఆ అంకమ్మను నా తరగతిలో ఉంచుకోవడం ఇక నావల్ల కాదు స్వామీ. మూడో తరగతికి దించెయ్యండి."

స్వామి తలెత్తి చూశారు. "కోపాన్ని లోపలికి తెచ్చావు, సరే. చెప్పులు మాత్రం బయట విడిచిరా నాయనా."

కామేశం నాలిక్కరుచుకుని చెప్పులు విడిచొచ్చాడు. కోపం అలాగే ఉంది.

పల్నాట్లో ఓ కొండ కింద స్వామి నడిపే బడిలో కామేశం ఐదో తరగతి పంతులు. చిన్నప్పుడు అదే బడిలో, ఆ స్వామి దగ్గరే చదువుకున్నాడు. చరిత్రకి ఒక గంట, చదవడం నేర్పడానికి ఇంకో గంట ఎందుకు, రెండూ కలిపేస్తే పిల్లలకి పాతకాలం సంగతులూ తెలుస్తాయి, చదవడమూ వస్తుంది కదా అన్నాడు. స్వామికి ఆ ఆలోచన నచ్చింది. చేసి చూడమన్నారు.

కామేశం చేశాడు. కానీ మన బళ్ళలో అందరూ చేసేట్టే చేశాడు. తానొక వాక్యం చదువుతాడు, పిల్లలంతా ఒక్క గొంతుతో అదే వాక్యం అంటారు. కొన్నాళ్ళకి పంతులు నోరు విప్పే పని కూడా లేకుండా పోయింది. పుస్తకాలు మొహాల ముందు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, సింధునది ఒడ్డున వెలసిన పాత నగరాల పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా గడగడా అప్పజెప్పేవారు. దారినపోయేవాళ్ళు ఆగి, ఆహా, ఏం చదువు అనుకునేవారు. ఇలాంటి చదువును మెచ్చుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నా మంటకేం గానీ, కామేశం మంట సంగతి చూద్దాం.

"అంకమ్మ ఏం చేసింది?" అని అడిగారు స్వామి.

"ఆగిపోతుంది స్వామీ! తరగతంతా ఒక్క గొంతుతో ముందుకు పోతుంటే అది మాత్రం ఏదో ఒక మాట మీద వేలు పెట్టుకుని కూర్చుంటుంది. కూడబలుక్కుంటూ చదువుతుంది. పోనీ, చదివి ఊరుకుంటుందా? 'తవ్వకములలో దంతపు దువ్వెనలు దొరికెను' అని పాఠంలో ఉంది. నిన్న అందరూ ఆ వాక్యం దాటిపోయాక లేచి నిలబడి, 'పంతులుగారూ, అది తల దువ్వుకునేదా, పేలు తీసే ఈరుపెనా? ఆళ్ళక్కూడా పేలుండేవా?' అనడిగింది."

స్వామి చేతిలోని గింజ జారిపోయింది. "నువ్వేమన్నావు?"

"ఏమంటాను! పిల్లలంతా పడీ పడీ నవ్వారు. అంత గొప్ప నగరాల గురించి చదువుతుంటే ఈ పిల్లకి పేలు కావాల్సొచ్చాయా? పుస్తకం తీసుకుని బయట అరుగు మీద కూర్చోమన్నాను. ఏకాదశి నాడు ఆశ్రమానికి బియ్యం పంపే పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు నా తరగతి చదవాలి. మధ్యలో ఇది ఆగిందంటే నా పరువేం కావాలి?"

"మూడో తరగతికి దించితే వాళ్ళ నాన్న బడి మాన్పించి మిరప కోతలకి తీసుకుపోతాడు. పెద్ద తరగతిలో ఉందనే ఇన్నాళ్ళూ పంపుతున్నాడు. తెలుసు కదా?"

కామేశం గొంతు కాస్త తగ్గింది. "తెలుసు. అయితే ఒక్కదాని కోసం తరగతి మొత్తాన్నీ పాడుచేసుకోమంటారా? అది న్యాయమా?"

స్వామి చింతపండు పళ్ళెం పక్కకి జరిపి, చేతులు కడుక్కుని లేచారు.

"పద. నీ తరగతి చదువు నేనూ వింటాను."

బడి ముందు అరుగు మీద అంకమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. స్వామి ఆ పిల్లని చూసి కూడా పలకరించకుండా లోపలికి వెళ్ళారు. పిల్లలు లేచి దణ్ణాలు పెట్టి కూర్చున్నారు. కామేశం చెయ్యి ఊపాడు. పాఠం మొదలైంది.

"ఆ నగరములయందు వీధులు తిన్నగా నుండెను. ప్రతి యింటికిని మురుగు కాలువ యుండెను..."

స్వామి వెనక వరుసలోకి నడిచారు. చివర కూర్చున్న పిల్లవాడి చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకున్నారు. వాడు స్వామిని చూసి నవ్వి, చదువుతూనే ఉన్నాడు. పక్కపిల్ల పుస్తకం తీసుకున్నారు. ఆ పిల్లా ఆగలేదు. అలా ఒక్కో పుస్తకమే తీసి చంకలో పెట్టుకుంటూ ముందు వరుసదాకా వచ్చారు.

"తవ్వకములలో పూసలును, మట్టి బండ్లును, దంతపు దువ్వెనలును దొరికెను..."

గది నిండా అదే హోరు. పుస్తకం ఒక్కటి లేదు. కొందరి చేతులు పుస్తకం పట్టుకున్నట్టే మొహాల ముందు నిలబడి ఉన్నాయి. చివరి వాక్యందాకా ఎవరూ ఒక్క అక్షరం పొల్లు పోనివ్వలేదు.

కామేశం మొహం వెలిగిపోయింది. "చూశారా స్వామీ! పుస్తకాలు లేకపోయినా ఒక్కరు కూడా తడబడలేదు!"

"చూశాను," అన్నారు స్వామి. చంకలోని పుస్తకాలన్నీ కామేశం చేతుల్లో పెట్టి అరుగు మీదికి వచ్చారు.

అంకమ్మ తల వంచుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. వేలు ఒక మాట కింద ఆగి ఉంది. ఎవరో వచ్చారని కూడా ఆ పిల్ల గమనించలేదు. స్వామి వంగి, చటుక్కున పుస్తకం లాక్కున్నారు.

"అయ్యో, నా పుస్తకం!"

అంకమ్మ ఎగిరి లేచి నిలబడింది. ఎదురుగా ఉన్నది స్వామి అని చూసింది. అయినా తగ్గలేదు.

"ఇయ్యండి సామీ! చదూతా ఉంటే లాక్కుంటారేంది? నవ్వితే నవ్వారు, బైట కూకోబెడితే కూకున్నా. ఇది గూడా తీసుకుంటారా?"

కళ్ళనిండా నీళ్ళు. రెండు చేతులూ పుస్తకం కోసం చాపే ఉంచింది.

కామేశం పుస్తకాల బొత్తితో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "అంకమ్మా! స్వామివారితో మాట్లాడే పద్ధతేనా ఇది?"

స్వామి అతని వంక చూడలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్లకి ఇచ్చారు.

"తప్పు నాదే తల్లీ. చదువుతున్నవాళ్ళ దగ్గర లాక్కోకూడదు. ఎక్కడున్నావు?"

అంకమ్మ ముక్కు ఎగబీల్చి, పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. మళ్ళీ లాక్కోరని నమ్మకం కుదిరాక పేజీ తీసింది.

"ఈడ. దువ్వెన కాడ. నిన్నట్నించీ ఈడనే ఉండా. అడిగితే ఎవురూ చెప్పలా."

"మరి నీకేమనిపిస్తోంది?"

ఆ పిల్ల పేజీ కింద ఉన్న చిన్న బొమ్మ చూపించింది. "ఇదిగో, దీని పళ్ళు చూడండి సామీ. ఎంత దగ్గరగా ఉండాయో! ఉత్త దువ్వెనయితే ఇంత దగ్గర పళ్ళెందుకు? మా అమ్మమ్మ కాడ ఉండే ఈరుపెన అచ్చం ఇట్టనే ఉంటది." కాసేపు బొమ్మనే చూసింది. "అప్పుడు గూడా ఎవురో ఒకామె పిల్లని ముందర కూకోబెట్టుకోని తల చూసుంటది గదా. ఆ పిల్ల కదిలితే నెత్తిన ఒకటి మొట్టుంటది."

"మొట్టే ఉంటుంది," అన్నారు స్వామి.

లోపల ఎవరో అన్నారు, "బొమ్మేంది? మన పాఠంలో బొమ్ముందా?"

ఎన్నో రోజులుగా ఆ పేజీని మొహాల ముందు పెట్టుకుని ఊగిన పిల్లలు. ఒక్కరికీ ఆ బొమ్మ తెలియదు. నిజం చెప్పాలంటే కామేశానికీ గుర్తులేదు. అతను చేతుల్లోని బొత్తిలో పై పుస్తకం తెరిచి చూశాడు. బొమ్మ ఉంది.

ముందు వరుసలోని వీరబ్రహ్మం, తరగతికల్లా గట్టిగా అప్పజెప్పేవాడు, లేచి వచ్చాడు. "పంతులుగారూ, నా పుస్తకం ఇయ్యండి. నేను జూడాల."

"నాది గూడా!"

"నాది ముందు!"

అందరూ గుమ్మం దగ్గర మూగారు. కామేశం మాత్రం అంకమ్మ వంక చూస్తూ నిలబడ్డాడు.

"లోపలికి రా అంకమ్మా."

"నేను రాను. ఆళ్ళు ఉరికిపోతారు. నాకోసం ఎవురూ ఆగరు."

కామేశం పిల్లల్ని తప్పించుకుని అరుగు మీదికి వచ్చాడు.

"ఆగుతారు," అన్నాడు. "నేనూ ఆగుతాను."

"మరి నన్ను మూడో తరగతికి దించుతానన్నారుగా? దించితే మా నాయన మిరప కోతలకి తోలుకుపోతాడు."

"మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు ఈ తరగతిలోనే ఉంటావు."

అంకమ్మ స్వామి మొహంలోకి చూసి, పంతులు మొహంలోకి చూసి, పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని గుమ్మం దాటింది.

స్వామి కుటీరం వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. కామేశం ఇంకా బొత్తి పట్టుకునే ఉన్నాడు. పిల్లలు అతని చేతులు పట్టి గుంజుతున్నారు.

"పంచు నాయనా," అన్నారు స్వామి. "ఇంకో రోజు వచ్చి మళ్ళీ లాక్కుంటాను. ఆవేళ వీళ్ళంతా నామీద తిరగబడాలి."