మద్దిచెట్టు నీడలో గసగసాల పువ్వు

ఒకప్పుడు అడవి గసగసాల పువ్వు మనుషుల ఇళ్ల పక్కనే పూసేది. పెరట్లో ఒక చెట్టు నీడ, కాళ్ల కింద కాస్త తడి ఉంటే చాలు, పసుపు రంగు పువ్వుతో తల ఎత్తుకుని నిలబడేది. కాడ తుంచితే తెల్లటి పాలు వచ్చేవి. పిల్లలు బుగ్గకు ఆనించుకుని ఆడుకున్నా ఒక్క రేకైనా రాలేది కాదు.

ఆ రోజుల్లో ఒక కొండ మీద సోంబారి అనే ఆవిడ ఉండేది. ఆమెకు ఒక్కగానొక్క కూతురు, గురువారి. ఆ పిల్ల ఇంటి వెనక మద్దిచెట్టు కింద ఒక గసగసాల మొక్కను పెంచుకునేది. రాలిన ఆకులు తెచ్చి దాని మొదట్లో పోగేసేది. ఆకు దొన్నెతో వాగునీళ్లు పోసేది. పొద్దస్తమానం దాని పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది.

ఆ ఏటి వానలకు ఊళ్లో చలిజ్వరం వచ్చింది. గురువారి పోయింది.

సోంబారి పొయ్యి వెలిగించడం మానేసింది. ఇరుగుపొరుగు అంబలి తెచ్చి పెడితే ముంత ముట్టలేదు. ఇంక ఆమెకంటూ మిగిలింది ఆ మొక్క ఒక్కటే. వానలు పోయి ఎండలు ముదిరే వేళకు అది మొగ్గ తొడిగింది.

"ఇది నా పిల్ల సేత్తో పెంచింది. ఇది పూస్తే నా పిల్లని సూసినట్టే" అనుకుంది సోంబారి.

కానీ మొక్క ఆమె కంటికి బక్కగా కనబడింది. చోడి చేను చూసిన కళ్లు కదా మరి! చోళ్లు, అంటే రాగులు, పండించాలంటే చెట్లు కొట్టాలి, కొమ్మలు కాల్చాలి, ఆ బూడిదలో గింజలు చల్లాలి, నడినెత్తిన ఎండ పడనివ్వాలి. ఆమెకు తెలిసిన సేద్యం అదొక్కటే. పాపం, ఆ పువ్వునూ అలాగే సాకబోయింది. గొడ్డలి తీసుకుని మద్దిచెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఓలమ్మా, ఆగే!" అంది చెట్టు. "ఆ మొక్క నా నీడలోనే బతుకుతాది. నన్ను కొట్టేస్తే అది ఎండిపోతాది."

"నోరు ముయ్యి! నీ సల్లటి నీడలో కూకునే కదా నా పిల్లకి జొరం తగిలింది! ఒకర్ని తినేసినావు. దీన్నీ తింటావా?"

చెట్టు ఆ పిల్లను ఏమీ చేయలేదు. కానీ కడుపుకోతతో ఉన్న తల్లితో వాదన ఏం పెట్టుకుంటుంది? సోంబారి దాన్ని నరికేసింది. కొమ్మలు దూరంగా ఈడ్చి కాల్చింది. కూతురు పోగేసిన ఆకులన్నీ ఊడ్చేసి, అక్కడ చల్లారిన బూడిద పోసింది.

తెల్లారాక ఎండ తిన్నగా వచ్చి మొక్క మీద పడింది. సోంబారి మురిసిపోయింది. మిట్టమధ్యాహ్నానికి ఆకులు వేలబడ్డాయి.

"సూరీడా! పసిది, కాస్త మెల్లగా ముట్టుకో" అని బతిమాలింది.

"మెల్లగా ముట్టుకోడం నాకు రాదమ్మా" అన్నాడు సూరీడు. "చోళ్లనీ ఇలాగే ముట్టుకుంటాను. ఇక్కడ చెట్టు నన్ను వడకట్టి దీనికి ఇచ్చేది."

సోంబారి పరుగున నీళ్లు తెచ్చి పోసింది. చీర కొంగు పరిచి అడ్డం నిలబడింది. కానీ అప్పటికే కాడ నిండా ఎండ దిగిపోయింది. తెల్లటి పాలు పసుపుగా మారిపోయాయి. మొగ్గ విచ్చుకుంది, విచ్చుకుంటూనే తల వాల్చేసింది.

"ఒక్కసారి తలెత్తవే నా తల్లీ! నీ మొకం సూడనియ్యి" అంది సోంబారి.

"ఎత్తలేనమ్మా. పైకి సూస్తే మండిపోతోంది. నా సెట్టేదమ్మా?" అంది పువ్వు.

సోంబారి కొంగు ఇంకాస్త కిందికి దించి పట్టుకుంది.

పువ్వు వాడిపోయి చిన్న కాయ అయింది. ఆ కాయ ముదిరేదాకా సోంబారి రోజూ కొంగు పట్టుకుని నిలబడింది. కాయ పగిలిన రోజునే మొక్క చచ్చిపోయింది. ఎక్కడినుంచి వచ్చాయో చీమలు వచ్చి గింజలు మోసుకుపోసాగాయి.

"ఒక్క గింజ ఉంచండే, మీకు పున్నెముంటాది" అని అరచెయ్యి అడ్డం పెట్టింది.

"గింజకున్న తీపి ముక్క కోసం వచ్చినాం గానీ, నీ మీద పగతో కాదమ్మా" అంది ఒక చీమ. "ఉంచితే మాత్రం ఎక్కడేస్తావు? నీకాడ నీడ లేదు కదా!"

సోంబారి నరికిన మొద్దు వైపు చూసింది. చెయ్యి తీసేసింది. చీమలు గింజలతో అడవిలోకి వెళ్లిపోయాయి.

మళ్లీ వానలు పడ్డాక ఆమె అడవంతా వెతికింది. చివరికి ఒక లోయలో, దట్టమైన చెట్ల కింద కనబడింది, తల వంచుకుని ఒక పసుపు పువ్వు. "అమ్మీ, నానే, మీ అమ్మని" అంటూ చెయ్యి చాచి నిమిరింది. ఆ చెయ్యి తగలగానే రేకులన్నీ జలజలా రాలిపోయాయి. ఎంత ఏడ్చినా ఒక్కటీ తిరిగి అతుక్కోలేదు.

అప్పటినుంచే అడవి గసగసాల మొక్క మనుషులకు దూరంగా, నీడ వెతుక్కుని మొలుస్తోంది. మొగ్గ తల వంచుకునే ఉంటోంది. కాడ తుంచితే ఆనాటి ఎండ పసుపుగా కారుతోంది. ఇక చెయ్యి తగిలితే చాలు, రేకులు రాలిపోతున్నాయి. అది కోసే చెయ్యో, నిమిరే చెయ్యో ఆ పువ్వుకు ఈనాటికీ తెలియదు.