పోలమ్మ పడమటి గోడ

పూర్వం ఒక పట్నంలో, అనుమతి లేకుండా ఎవరూ ఇంటి రూపు మార్చకూడదని పురాధికారి అనంతభట్టు చాటింపు వేయించాడు. ఆ ఏడు జడివానకు బుట్టలల్లే పోలమ్మ ఇంటి పడమటి గోడ కూలింది. లోపల బాలింత కూతురు చలికి వణుకుతుంటే చూడలేక, పోలమ్మ రెండు రోజుల్లో గోడ మళ్ళీ లేపింది.

అనంతభట్టు పలుగులు పట్టిన మనుషులతో వచ్చి, "అనుమతి ఏదీ? పడగొట్టండి!" అన్నాడు.

పోలమ్మ నెమ్మదిగా అడిగింది.

"అయ్యా, మీ దస్త్రంలో నా ఇంటికి గోడలెన్ని?"

"నాలుగు."

"వాన వాటిని మూడు చేసింది. నేను మీ దస్త్రంలో ఉన్నట్టే నాలుగు చేశాను. ఇప్పుడు పడగొడితే ఇంటి రూపు మార్చేది మీరే కదయ్యా?"

అనంతభట్టు పలుగులు దించమని తన మనుషులకు సైగ చేశాడు. వెంట వచ్చిన గుమాస్తాను పిలిచాడు.

"రాసుకో. కొత్త గది వేస్తే అనుమతి కావాలి. కూలిన గోడ లేపుకుంటే అక్కర్లేదు."