చీర ఉయ్యాలకి రెండు కొసలు

అనగనగా ఏడు సముద్రాలకి అవతల, సూర్యుడు కూడా స్వెట్టరు తొడుక్కుని గానీ బయటికి రాని ఒక ఊళ్ళో, ఒక నర్సమ్మ ఉండేది. ఎవరో కాదు కన్నా, మీ అమ్మమ్మే. అలా నవ్వకు. ఇప్పుడంటే మోకాళ్ళు పట్టుకుని లేస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఇంగ్లండు ఆసుపత్రిలో డాక్టర్లు నన్నడిగి గానీ మెళ్ళో గొట్టం వేసుకునేవారు కాదు. అరవై మంచాల వార్డుని ఎడంచేత్తో దిద్దేదాన్ని. కుడిచేత్తో వాళ్ళందరికీ టీ కలిపేదాన్ని.

ఆ దేశానికి ముగ్గురం వెళ్ళాం. నేను, మీ తాతయ్య, మీ అమ్మ స్వర్ణ. స్వర్ణకి అప్పుడు రెండేళ్ళు. పొద్దున్నే తలుపు తీస్తే మంచు తాడిచెట్టంత ఎత్తు పడి ఉండేది. నేను దాన్ని అట్లకాడతో పక్కకి తోసేసి డ్యూటీకి వెళ్ళిపోయేదాన్ని.

ఉండడానికి మేడ మీద ఒక గది దొరికింది. చంటిపిల్లలున్న మనలాంటి వాళ్ళకి గది ఇచ్చే మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్క దొరసానే. ఆవిడ మా కిందే ఉండేది. అద్దెకిచ్చిన రోజే ఒక మాట చెప్పింది. పొద్దుగూకాక పిల్ల ఏడుపు కిందికి వినిపించకూడదు, వినిపిస్తే గది ఖాళీ చెయ్యాలి అని. స్వర్ణ కుయ్యిమంటే చాలు, కింద నుంచి చీపురుకర్రతో మా నేలని టకటకా పొడిచేది.

మీ అమ్మేమో ఉయ్యాలలో తప్ప నిద్రపోదు. చీరాలలో ఉన్నన్నాళ్ళూ దూలానికి కట్టిన చీర ఉయ్యాలే దాని లోకం. ఆ చీర మా అమ్మ వజ్రమ్మది. మనవరాలి ఉయ్యాల అమ్మమ్మ చీరతోనే కట్టాలని, తను కట్టుకునే నేత చీర ఉతికి, మడతపెట్టి, మా పెట్టెలో అడుగున పెట్టింది. ఏనుగుని పడుకోబెట్టినా చిరగని చీర. చీర ఉంది గానీ, ఆ గదికి దూలం లేదు. కప్పంతా గుడ్డుపెంకులా నున్నగా ఉంది. ఒక్క కొక్కెం లేదు.

అప్పుడు మీ తాతయ్య చీరని తలుపు గడియకి కట్టాడు. తలుపు తెరుచుకుని ఉయ్యాల వెళ్ళి మెట్ల మీద నిలబడింది. ఆ తర్వాత పరదా కడ్డీకి కట్టాడు. కడ్డీ, పరదా, గోడలో సగం వచ్చి ఆయన నెత్తిన పడ్డాయి. ఆ తర్వాత బీరువాకి కట్టాడు. బీరువా మా మీదికి నడిచి వచ్చింది. నేను వీపు అడ్డం పెట్టి ఆపాను గనక సరిపోయింది, లేకపోతే మీ అమ్మా లేదు, నువ్వూ లేవు. కింద కర్ర టకటకమంటూనే ఉంది.

అప్పుడు నేనన్నాను, ఆ కొస మీరు పట్టుకోండి, ఈ కొస నేను పట్టుకుంటాను అని. ఆ రోజు నుంచి ఆ గదికి మేమిద్దరమే దూలాలం.

మా రోజులు అలా కుదురుకున్నాయి. నాకు ఆసుపత్రిలో పగటి డ్యూటీ, తాతయ్యకి రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పొద్దున ఆయన గుమ్మంలోకి వచ్చేవేళకి నేను గుమ్మం దాటేదాన్ని. సాయంత్రం నేను వచ్చాక ఆయన బస్సు వచ్చేదాకా కాస్త పొద్దు. ఆ కాస్తలోనే స్నానం, వంట, స్వర్ణకి ముద్దలు, మా తిండి. చివర్న ఉయ్యాల. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా నిలబడేది అప్పుడే.

నిలబడితే ఏం లాభం, మాట్లాడితే మీ అమ్మ కళ్ళు తెరిచేది. జోలపాట సాగుతుంటేనే దానికి నిద్ర. అందుకని ఇంటి సంగతులన్నీ జోల రాగంలో పెట్టి పాడుకునేవాళ్ళం. ఉల్లిపాయలు నిండుకున్నాయి లాలీ, అని నేను. రేపటికి చారే గతి లాలీ, అని ఆయన. మీ కూతురికి అన్నీ మీ మొండి గుణాలే లాలీ, అంటే, మీ పుట్టింటి వాళ్ళంతా సాధువులు మరి లాలీ, అనేవాడు. నవ్వొచ్చినా నవ్వకూడదు. నా పాటకి వీధిలో పాలబండివాడు బండి ఆపి కునికిపాట్లు పడేవాడు. తాతయ్య గొంతు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళే. అయినా మీ అమ్మకి ఆ రెండూ కలిస్తేనే నిద్ర.

ఒక శనివారం సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తాతయ్య వంట చేసి ఉంచాడు. నా కంచంలో తనే వడ్డించాడు. చాలంటే వినకుండా ఇంకో గరిటె పెరుగన్నం వేసి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. ఈ మర్యాదలేమిటని నేను వేళాకోళం చేశాను. ఆయన మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపాడు.

అప్పుడు ఉయ్యాల ఎత్తాం. బస్సు వేళ దగ్గరపడుతోంది. స్వర్ణ రెప్పలు వాలుతున్నాయి. అప్పుడు ఆయన అందుకున్నాడు.

"చీరాల నుంచి టెలిగ్రాం వచ్చింది లాలీ."

"ఏమనీ లాలీ," అన్నాను నేను ఊపుతూనే.

రెండు ఊపులు ఆయన ఉత్త లాలీలే పాడాడు. మూడో ఊపుకి మాట కలిపాడు.

"అత్తయ్య పోయింది లాలీ."

నా చేతులు ఆగలేదు కన్నా. ఆగితే పిల్ల లేస్తుంది. లేస్తే ఏడుస్తుంది. ఏడిస్తే ఆ మంచులో మాకు ఇంకో గది లేదు.

"ఎప్పుడు లాలీ."

"నిన్న పొద్దున లాలీ."

"జబ్బు చేసిందా లాలీ."

"తెలీదు లాలీ."

"పక్కన ఎవరైనా ఉన్నారా లాలీ."

"తెలీదు లాలీ."

"నన్ను అడిగిందా లాలీ."

"తెలీదు రత్నం లాలీ. అందులో రెండే ముక్కలు లాలీ."

నేను బయల్దేరనా లాలీ, అని పాడాను. ఈపాటికి మట్టి చేసేసి ఉంటారు లాలీ, అన్నాడు.

నేను ఏడవలేదు. నేనే ఏడిస్తే ఆ దేశం చుట్టూ ఉన్న సముద్రం వీధిలోకి వచ్చేసేది, ఓడలొచ్చి మా కిటికీకి ఆనేవి. ఆ దేశాన్ని ఆ పూట నేనే కాపాడాను, ఎవరికీ తెలీదు. చేతిలో ఉన్నది మా అమ్మ చీర కదా. దాన్ని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. రాగం తప్పలేదు. మీ అమ్మ నిద్రపోయింది.

ఆ తర్వాత పిల్లని మంచంలో వేశాం. తాతయ్య నా తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బస్సు వచ్చింది. పోకపోతే పని పోతుంది, పొమ్మన్నాను. ఆ తర్వాత గిన్నెలు కడిగాను. స్వర్ణ గౌను ఉతికి ఆరేశాను. రోజూ చేసే పనులే. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

మర్నాడు ఆదివారం, నాకు సెలవు. తాతయ్య వచ్చి పడుకున్నాడు. నేను బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. అప్పుడు స్వర్ణ తువ్వాలు ఈడ్చుకుంటూ వచ్చింది. అందులో దాని గుడ్డబొమ్మ. ఒక కొస తన గుప్పిట్లో పెట్టుకుని, రెండో కొస నా ఒళ్ళో పడేసి, పట్టుకోమంది.

పట్టుకున్నాను. మీ అమ్మ ఊపుతూ పాట ఎత్తుకుంది.

"తెలీదు లాలీ... తెలీదు లాలీ..."

రెండేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? కొత్త జోల అనుకుంది. ఎంత బాగా పట్టుకుందో ఆ రాగాన్ని.

అప్పుడు ఆ బొమ్మకి మా అమ్మ పేరు పెట్టి నేనూ పాడాను. నిద్రపో వజ్రమ్మా లాలీ, అని. చాలా అలిసిపోయావు లాలీ, అని. నీ మనవరాలు ఊపుతోంది లాలీ, అందామనుకున్నాను. అక్కడ పాట తెగింది. గుక్కపట్టి ఏడ్చాను. టెలిగ్రాం అందుకుని మేడ మీదికి తెచ్చిచ్చింది దొరసానే. ఆ పూట కింద కర్ర చప్పుడు కాలేదు.

స్వర్ణ మాత్రం ఊపడం ఆపలేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, నేను రోజూ కళ్ళెర్రజేసినట్టే నా మీద కళ్ళెర్రజేసింది.

"ఉష్... అమ్మా, బొమ్మ లేస్తుంది."

నేను నోరు మూసుకున్నాను. కొస మాత్రం వదల్లేదు.

కథేమో కంచికి,
తాతేమో బస్సుకి,
వజ్రమ్మ మట్టికి,
స్వర్ణమ్మ నిద్రకి,
ఆలస్యంగానైనా
మనమేమో ఇంటికి.