దీపాల వారి ఇరవై ఆరు క్రెడిట్లు

పిట్టలమెట్టలో తెలివైనవాళ్ళెవరని అడిగితే దీపాల వారి ఇల్లు చూపిస్తారు. అలా చూపించేది కూడా దీపాల వారే.

ఆ ఇంట్లో నాలుగు తలకాయలు. పెద్దాయన అప్పారాయుడు, ఆయన భార్య తవుడమ్మ, ఆయన తమ్ముడు గంగులు, కూతురు హేమసుందరి. నాలుగు తలకాయలూ నిండుగా ఉన్నాయని నలుగురికీ గట్టి నమ్మకం. నమ్మకమేంటి, రుజువులే ఉన్నాయి. ఒకసారి అప్పారాయుడు బస్సెక్కాడు. టిక్కెట్టు మీద 'అడిగినప్పుడు చూపవలెను' అని ఉంది. ఊరొచ్చింది, ఎవరూ అడగలేదు. అడక్కుండా దిగిపోతే రూలు తప్పినట్టు కదా! అంతే, డిపో దాకా వెళ్ళాడు. అక్కడ వాచ్‌మన్‌ని బతిమాలి అడిగించుకుని, టిక్కెట్టు చూపించి, పదకొండు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చాడు.

"రూలంటే మా అన్నయ్యకి అంత గౌరవం" అని గంగులు ఆర్నెల్లు ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక హేమసుందరి. లెక్కల్లో దానికి ఎదురులేదు. డిగ్రీ రెండేళ్ళూ లెక్కల్లో వందకి తొంభై ఎనిమిది. ఆ రెండు మార్కులైనా ఎందుకు పోయాయంటే, ప్రశ్నపత్రంలో 'ఎనిమిదింటిలో ఏవైనా అయిదింటికి జవాబు రాయండి' అన్నారు. ఏ అయిదు? ఎనిమిదింట్లోంచి అయిదు ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో ముందు తేల్చాలని కూర్చుంది. యాభై ఆరు రకాలు. లెక్క తప్పలేదు. టైమే చాల్లేదు.

అలాంటి పిల్లకి కష్టమొచ్చింది. పక్క ఊళ్ళో కాలేజీలో లెక్కల విభాగం మూసేశారు. మూడో ఏటికి మిగిలింది హేమసుందరి ఒక్కతే. ఒక్క పిల్ల కోసం ముగ్గురు లెక్చరర్లెందుకని పైవాళ్ళు అనుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ఇంటిల్లిపాదినీ పిలిపించారు.

"మూడో ఏడు పట్నంలో విశ్వవిద్యాలయానికి మారాలమ్మా. బదిలీ మీద వచ్చేవాళ్ళకి లెక్కల్లో ఒకటే సీటు. ఇరవయ్యో తారీఖు ఆఖరు. తప్పితే నీ రెండేళ్ళ చదువూ గాలికి పోయినట్టే."

"ఇవాళ మూడు. పదిహేడు రోజులున్నాయండి" అంది హేమ టక్కున.

ఆయన రెండు పేజీల నిబంధనల కాగితం చేతికిచ్చారు. ఈ కుటుంబాన్ని రెండేళ్ళుగా ఎరిగిన మనిషి కాబట్టి చేతులు జోడించి మరీ చెప్పారు. "ఇందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యండి. సొంత తెలివి మాత్రం వాడొద్దు."

దారిలో గంగులు నవ్వాడు. "చూశావా అన్నయ్యా, మన తెలివంటే ఆయనకీ భయమే!"

మొదటి నిబంధన: 'ఫోటోలో రెండు చెవులు స్పష్టంగా కనిపించాలి.' హేమ చెవులు తలకి అతుక్కున్నట్టుంటాయి. ఎదురుగా నిలబడితే అంచులు కనిపిస్తాయి, అంతే.

"అయ్యబాబోయ్, సగం చెవి చూపిస్తే సగం సీటే ఇస్తారు" అంది తవుడమ్మ.

ఇంకేముంది, గంగులు సబ్బు పెట్టె అట్టని నాలుగు మడతలు పెట్టి, పిల్ల చెవుల వెనక ఇరికించి, ప్లాస్టరు వేశాడు. చెవులు రెండూ చేటల్లా ముందుకొచ్చాయి. స్టూడియో అబ్బాయి కెమెరా దించేసి, "ఏమైందండి పాపకి?" అన్నాడు.

"ఏమీ కాలేదు బాబూ. నిబంధన" అన్నాడు అప్పారాయుడు.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఇంటికొచ్చి కింది లైను చదివారు. 'ప్రవేశం పూర్తయ్యే వరకు అభ్యర్థి రూపం ఫోటోతో సరిపోలాలి.' అంతే, అట్టలు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు నుంచి హేమ పక్కకి తిరిగి పడుకున్నది లేదు. గాలి వీస్తే తల ఎటు లాగితే అటు నడిచేది.

రెండో నిబంధన: 'విద్యార్థి వెళ్ళడానికి అభ్యంతరం లేదని సంబంధితులందరి నుంచి పత్రం తేవాలి.' ప్రిన్సిపాల్ గారు ఆ పత్రం ముందే ఇచ్చారు. ఒక్క లైను, ఒక్క సంతకం.

"ఇందులో 'అందరూ' ఏరీ?" అంది తవుడమ్మ. "పిల్లని ఎత్తుకుని ఆడించినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు? వాళ్ళకి సంబంధం లేదా?"

ఊరి జనాభా నాలుగువందల పదమూడు. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. మనిషికో కాగితం. చంటిపిల్లల చేత వేలిముద్రలు వేయించారు. ఒక పసివాడు వేలు పట్టుకోగానే గుక్కపట్టి ఏడ్చాడు. ఏడుపు అభ్యంతరం కిందికొస్తుందా రాదా? వాడికి పాలు పట్టి, నవ్వాక వేయించారు.

నాలుగువందల పన్నెండు అయ్యాయి. ఒక్కటి ఆగింది. వీధి చివర ఎర్రమ్మ.

"నాకు అభ్యంతరం ఉందమ్మా" అంది ఎర్రమ్మ. "నువ్వెళ్ళిపోతే నా కరెంటు బిల్లు ఎవరు చదువుతారు? నా కూతురికి ఫోను ఎవరు కలుపుతారు?"

"ఉన్నమాట చెప్పింది" అన్నాడు అప్పారాయుడు. "ఉన్నది ఉన్నట్టు చెయ్యమన్నారు కదా. రాసివ్వు తల్లీ."

ఎర్రమ్మకి రాయడం రాదు. అందుకని హేమసుందరే గుండ్రటి అక్షరాలతో రాసింది: 'హేమసుందరి వెళ్ళడానికి నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది.' ఎర్రమ్మ వేలిముద్ర వేసింది. అది అందరికీ కనిపించాలని కట్టకి పైన పెట్టారు.

పదకొండో తారీఖున నలుగురూ బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అడ్మిషన్ల గదిలో గుమాస్తా పరబ్రహ్మం గారు కూర్చున్నారు. కట్ట చూశారు. చెవులు చూశారు. మళ్ళీ కట్ట చూశారు.

"ఇరవై మూడేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. కాగితాలు తక్కువై ఏడ్చినవాళ్ళనే చూశాను. ఇన్ని తెచ్చినవాళ్ళని చూడలేదు." పై కాగితం చదివారు. మొహం మారిపోయింది. "ఇదేంటి, అభ్యంతరం ఉందంటోంది? అభ్యంతరం ఉంటే ఫైలు కమిటీకి వెళ్ళాలి. కమిటీ వచ్చే ఏడాది కూర్చుంటుంది."

తవుడమ్మ బల్ల మీదికి వంగింది. "బాబ్బాబూ, ఆ ఒక్క కాగితం వెనక్కిచ్చెయ్యండి!"

"సమర్పించిన పత్రాలు తిరిగి ఇవ్వబడవు" అన్నారు పరబ్రహ్మం గారు, గోడ మీద బోర్డు చూపిస్తూ.

గంగులు గొంతు సవరించుకున్నాడు. "మేమింకా సమర్పించలేదండి. మీ చేతికిచ్చాం, అంతే. రసీదు ఏదండీ?"

పరబ్రహ్మం గారు ఆలోచించారు. రసీదు లేకుండా సమర్పించినట్టు కాదు, నిజమే. రూలు పుస్తకం తీశారు, చదివారు, మూశారు, కట్టంతా వెనక్కి తోశారు. ప్రిన్సిపాల్ గారి ఒక్క లైను కాగితం మాత్రం తీసుకుని రసీదిచ్చారు. మూర్ఖుణ్ణి గెలిపించాలంటే ఎదురుగా ఆఫీసు ఉండాలి.

తర్వాత మార్కుల జాబితా ముందేసుకున్నారు. "పాత కాలేజీలో మీ అమ్మాయికి ఎనభై క్రెడిట్లు వచ్చాయి. వాటిలో యాభై నాలుగు మాకు చెల్లుతాయి. కెమిస్ట్రీ, కంప్యూటరు కలిపి మిగతా ఇరవై ఆరూ ఇక్కడ చెల్లవు. వాటిని అక్కడే వదిలేసి రావాలి. ఇరవయ్యో తారీఖు ప్రొఫెసర్ గారు చూస్తారు."

అంతే. దీపాల వారి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నది తొమ్మిది రోజుల్లో ఎలా వదుల్తావే?" అంది తవుడమ్మ.

"రోజుకి మూడు చొప్పున వదిలితే ఇరవై ఏడమ్మా. ఒకటి ఎక్కువే అవుతుంది" అంది హేమ. లెక్క కుదిరింది. వదలడమెలాగో తెలియలేదు.

దారి గంగులే చూపించాడు. "నా జలుబు అన్నయ్యకి అంటుకున్నాక నాకు తగ్గిందా లేదా? చదువూ అంతే. నాకు అంటించెయ్యవే, నీకు పోతుంది."

'అక్కడే వదిలేసి రావాలి' అన్నారు కదా, అందుకని పాత కాలేజీ వరండాలోనే కూర్చున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హేమ చెప్పడం, గంగులు వినడం. అర్థం కాకపోతే మళ్ళీ, అయినా కాకపోతే వేరే ఉదాహరణతో ఇంకోసారి. రోజూ ఇంటికి రాగానే తవుడమ్మ పరీక్ష పెట్టేది.

"పొటాషియం గుర్తేంటే?"

"కె అమ్మా."

"ఓలమ్మో, ఇంకా పోలేదే!"

ఎనిమిదో రోజుకి గంగులుకి కెమిస్ట్రీ వచ్చేసింది, కంప్యూటరు వచ్చేసింది. హేమకి మాత్రం పోలేదు సరికదా, చెప్పి చెప్పి ఇంకా గట్టిపడింది. ఇదివరకు పుస్తకం చూస్తేనే వచ్చేవి, ఇప్పుడు అన్నం కలుపుతుంటే వస్తున్నాయి.

"దరిద్రపు చదువు, ఒకసారి పట్టుకుంటే వదలదే" అన్నాడు అప్పారాయుడు. "సరేలే తల్లీ. ఎవరడిగినా తెలీదని చెప్పు. లోపల ఉన్నట్టు వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఇరవయ్యో తారీఖు. ప్రొఫెసర్ వింధ్యవాసిని గారు మంచావిడ. పిల్ల భయపడకూడదని తేలిక ప్రశ్నతో మొదలుపెట్టారు.

"కెమిస్ట్రీలో తొంభై ఒకటి వచ్చాయే! నీటిలో ఏమేం ఉంటాయమ్మా?"

హేమ పెదాలు బిగించింది. "తెలీదండి."

"నీళ్ళలో ఏముందో తెలీదా?"

"తెలీదండి. వదిలేశానండి."

"పోనీ, కంప్యూటరులో మెమరీ అంటే?"

"అది అస్సలు గుర్తులేదండి."

వెనక నిలబడ్డ గంగులు ఆపుకోలేకపోయాడు. ఎనిమిది రోజులు కూర్చుని నేర్చుకున్న మనిషి! "హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఒకటండి! మెమరీ రెండు రకాలండి, కరెంటు పోతే పోయేదొకటి, పోనిదొకటి!"

ఇంకేముంది. వింధ్యవాసిని గారు కళ్ళజోడు తీశారు. "ఈయన ఏం చదివారు?"

"నాలుగో తరగతి తప్పానండి" అన్నాడు గంగులు వినయంగా.

"మార్కులేమో ఈ అమ్మాయివి, జవాబులేమో ఈయనవి. అసలు పరీక్ష రాసింది ఎవరు? ఇది సీటు మాట కాదు పరబ్రహ్మం గారూ, పోలీసుల మాట. ఆ ఫైలు వెనక్కి పంపెయ్యండి."

తవుడమ్మ నేల మీద కూలబడింది. అప్పారాయుడు తమ్ముడి నోరు రెండు చేతులా మూశాడు. హేమ చెవులు రెండూ అట్టల మధ్య ఎర్రబడ్డాయి.

"అమ్మా, లెక్కల్లో అడగండమ్మా" అంది ఏడుపు గొంతుతో. "లెక్కలు మీకు చెల్లుతాయని వదల్లేదు. నా దగ్గరే ఉన్నాయి."

వింధ్యవాసిని గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఒకటి నుంచి వెయ్యి దాకా, మూడుతోనో అయిదుతోనో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలెన్ని?"

ఆవిడ పెన్ను మూత తీసేలోపు జవాబొచ్చింది. "నాలుగువందల అరవై ఏడండి. మూడుతో మూడువందల ముప్ఫై మూడు, అయిదుతో రెండువందలు. పదిహేనుతో పోయేవి రెండుసార్లు లెక్కకొచ్చాయి కాబట్టి అరవై ఆరు తీసెయ్యాలి."

ఆవిడ ఇంకో మూడు అడిగారు, మూడూ అంతే. అప్పుడు క్రెడిట్ల సంగతి మొదట్నుంచీ చెప్పించుకుని విన్నారు. వింటూ వింటూ పరబ్రహ్మం గారి వైపు ఒక చూపు చూశారు. ఆయన బోర్డు వైపు చూశారు. ఆవిడ ఫైలు మీద సంతకం పెట్టేశారు.

"చెవుల వెనక ఆ అట్టలు తీసెయ్యమ్మా."

"ప్రవేశం పూర్తయిందాండీ?"

"పూర్తయింది."

టప్ టప్‌మని ప్లాస్టర్లు ఊడాయి. చెవులు మాత్రం వెంటనే వెనక్కి వెళ్ళలేదు, అలవాటు పడ్డాయి.

వింధ్యవాసిని గారు లేచి అప్పారాయుడికి నమస్కారం పెట్టారు. "ఇంత తెలివైన పిల్లని ఇచ్చారు. ఇక పిల్ల ఒక్కతే కాదు, మీ ఇంటిల్లిపాదీ మా విశ్వవిద్యాలయంలో చేరినట్టే అనుకోండి."

పరబ్రహ్మం గారు ఉత్తర్వు చేతికిస్తూ ఆఖరి మాట చెప్పారు. "సోమవారం నుంచి తరగతులు. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. ఒక్క పిసరు తగ్గినా సీటు రద్దు. బదిలీ మీద వచ్చినవాళ్ళకి మినహాయింపు లేదు."

ఇంటికొచ్చాక నలుగురూ ఉత్తర్వు మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న సీటు హాజరు దగ్గర పోకూడదు.

"చేరింది నలుగురం" అంది హేమసుందరి. "నలుగురిలో డెబ్బై అయిదు శాతమంటే ముగ్గురు. సరిగ్గా ముగ్గురు, పిసరు కూడా తగ్గదు. ఒకరు ఇంటి దగ్గర ఉండి గేదెని చూసుకోవచ్చు."

"ఎవరే ఆ ఒకరు?" అంది తవుడమ్మ.

"నాకు రెండేళ్ళ చదువుంది. చిన్నాన్నకి ఎనిమిది రోజులుంది. మీ ఇద్దరికీ సున్నా. చదువు ఎవరికి తక్కువో వాళ్ళే వెళ్ళాలి కదా?"

ఆ న్యాయానికి ముగ్గురూ తలలూపారు. తవుడమ్మ పిల్ల తల నిమిరి, "మా కోసం ఎంత త్యాగమే తల్లీ" అని కళ్ళు తుడుచుకుంది.

సోమవారం పొద్దున్న డిగ్రీ మూడో ఏడు లెక్కల తరగతి. లెక్చరర్ పేర్లు పిలుస్తున్నాడు.

"దీపాల హేమసుందరి!"

ముందు బెంచీలోంచి తలపాగా అప్పారాయుడు, గోచీచీర తవుడమ్మ, పలకా బలపంతో గంగులు ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"ఉన్నామండి!"

లెక్చరర్ చేతిలో రిజిస్టరు జారింది. "మీరెవరు? ఆ అమ్మాయేదీ?"

అప్పారాయుడు చిరునవ్వు నవ్వాడు. చదువుకున్నవాళ్ళకి కూడా ఇంత చిన్న లెక్క విడమర్చి చెప్పాల్సి వచ్చిందే అని జాలిపడ్డాడు.

"అది ఇరవై అయిదు శాతమండి. ఇంటి దగ్గర ఉంది."