తిప్పవ్వ నాలుక

అనగనగా అనేంత పాతదీ కాదు, నిన్నా మొన్నటిదీ కాదు. రాజులు పోయి సీమదొరలు వచ్చిన కాలం. ఒక ఊళ్లో తిప్పవ్వ అనే కుమ్మరి ముసలమ్మ ఉండేది. మట్టిలో ఉప్పు పట్టి చవుడుంటే కుండ పగులుతుంది గదా, అందుకని ఆమె మన్ను రుచి చూసి తెచ్చుకునేది. ఆమె నాలుక అబద్ధమాడదని చుట్టుపక్కల పేరు.

ఆ ఊరికి ఒక దొర గొలుసు పట్టించుకుని భూములు కొలవడానికి వచ్చాడు. మంచి నేలకు నిండు శిస్తు, చవుడు నేలకు శిస్తు లేదు అన్నాడు. మన్ను తెలిసిన మనిషి కావాలన్నాడు. తిప్పవ్వను పిలిచారు.

మొదట పెద్దరెడ్డి చేను. రెడ్డి ముందురోజే చవుటిమన్ను తెప్పించి చేనంతా చల్లించాడు. ఎంత తెలివో చూడండి! తిప్పవ్వ చిటికెడు మన్ను తీసింది. నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"దొరా, చవుడు పైపైనే ఉండాది. జానెడు తవ్వించు" అంది. తవ్వితే నల్లటి రేగడి.

రెండోది తిప్పవ్వ సొంత నేల చెక్క. చిటికెడు మన్ను తీసింది. నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"మంచి నేల దొరా, రాసుకో" అంది. ఆ మాటతో దొరకు ఆమె మీద గురి కుదిరింది.

మూడోది గుట్ట కింది చేను. పన్నెండు కొంపల వాళ్లు రాళ్లేరి సాగులోకి తెచ్చుకున్న నేల. వానల్లేక మూడేళ్లుగా గింజ ఇంటికి రాలేదు. నిండు శిస్తు పడితే ఊరు విడిచిపోవడమే. వాళ్ల పెద్ద మారెన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, అబద్ధమాడమని నిన్నడిగే నోరు మాకు లేదు. పొయ్యేటప్పుడు నీ కుండలు మోసుకపోలేం. నీకే ఇచ్చిపోతాం" అన్నాడు.

తిప్పవ్వ చిటికెడు మన్ను తీసింది. నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. ఆ మన్నులో చవుడు జాడే లేదు.

"చవుడు దొరా" అంది.

దొర మారుమాట అడక్కుండా రాసుకున్నాడు.

ఆ పూట తిప్పవ్వ సంగటిలో ఉప్పు వద్దంది. మర్నాడూ వద్దంది. మూడోనాడు కోడలు ఉండబట్టలేక అడిగింది, "ఏందత్తా, ఉప్పు మీద అలిగినావా?"

"లేని ఉప్పు ఉందన్న నోరు ఇది. ఉన్న ఉప్పు దీనికెందుకు?" అంది తిప్పవ్వ.

మళ్లీ మన్ను రుచి చూడలేదు. కుండలు పగిలితే పగలనిచ్చింది. చచ్చేదాకా చప్పిడి సంగటే తిన్నది.

ఇప్పటికీ ఏరువాక నాడు, గుట్ట కింద తొలిసాలు దున్ని వచ్చినవాళ్లకు మొదటి ముద్ద ఉప్పు లేకుండా పెడతారు. పిల్లలకూ అదే. చప్పగా ఉందని వాళ్లు మొహం తిప్పుకుంటే పెద్దవాళ్లు అంటారు:

"మింగు నాయనా. అవ్వ బతుకంతా తిన్నది ఇదే. నువ్వు ఒక్క ముద్ద తినలేవా?"