చెత్తగుట్టకు రాజమర్యాద

వేల్పుగిరి అని ఒకానొక రాజ్యం. ఆ రాజ్యపు కొలువులో అందరినీ నవ్వించడానికి కోనప్ప అనేవాడు ఉండేవాడు. కోనప్పకు గర్వం బొత్తిగా లేదు. తన ముక్కు వంటి ముక్కు ఆ రాజ్యంలో మరెవరికీ లేదని రోజుకు నాలుగుసార్లు చెప్పుకొనేవాడు, అంతే. వీధి మొదట్లో నిలబడి చివరి ఇంట్లో ఏ పోపు పడిందో చెప్పగలడు మరి. ఉన్న గొప్పను దాచుకోవడం అబద్ధమాడటంతో సమానమనీ, తాను సత్యవ్రతుడు గనకనే ఇలా చెప్పుకోవలసి వస్తోందనీ అతని వాదన.

ఆ రాజ్యాన్నేలే ప్రచండవర్మకు మాత్రం గర్వం నిండా ఉండేది. కోటలోని ప్రతి వస్తువు మీదా తన సింహముద్ర వేయించాడు. కత్తులు, పల్లకీలు సరే. పెరుగు కుండల మీద, నూనె జాడీల మీద, చివరికి భోజనాల విస్తళ్ల వెనక కూడా సింహమే. అది చాలక ఒక శాసనం చేశాడు.

"సింహముద్ర ఎక్కడ కనబడినా నేను కనబడినట్టే. ఆ వస్తువును గొడుగు పట్టి, మేళతాళాలతో సభకు తేవాలి. నేనే సింహాసనం దిగి అందుకుంటాను."

ఒకసారి వేటలో పోయిన కత్తిని ఎవరో అలా తెచ్చారు. రాజు దిగి అందుకున్నాడు. సభంతా చప్పట్లు. ఆయనకు ఆ ముచ్చట మహా నచ్చింది.

ఇలా ఉండగా తూర్పు ద్వారం బయట చెత్తగుట్ట కోటగోడంత ఎత్తు పెరిగింది. పొరుగు రాజు పంపిన రాయబారి ఆ దారిన వచ్చి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సభలో కూర్చున్నాక కూడా తీయలేదు. ప్రచండవర్మకు తల కొట్టేసినట్టయింది.

"ఆ గుట్టను ద్వారానికి దూరంగా జరపండి. వెనకనున్న తోటపల్లెను నాలుగు రోజుల్లో ఖాళీ చేయించి అక్కడ పోయండి," అన్నాడు.

తోటపల్లె అంటే ముప్పై గడపలు. నగరానికి ఆకుకూరలన్నీ అక్కడివే. మర్నాడు పొద్దున్నే తోటకూర అమ్మే ఓబులమ్మ కోనప్ప గుమ్మంలో బుట్ట దించింది.

"ఇదే ఆఖరి కట్ట సామీ. మా మళ్ల మీద మీ చెత్త పోస్తారంట."

"నా చెత్తేమిటి ఓబులమ్మా? అది రాజుగారి హుకుం!"

"నిన్న గోడ మీంచి విసిరిన అరటితొక్క ఎవరిదో?"

కోనప్ప సత్యవ్రతాన్ని కాసేపు పక్కన పెట్టి ఆకాశం వైపు చూశాడు.

"రాజుగారిని రోజూ నవ్విస్తారంట గదా. ఓపాలి మా ఏడుపు కూడా చెప్పి చూడండి," అని ఆమె బుట్ట ఎత్తుకుంది. ఆ పూట కోనప్ప తోటకూర పప్పు ముట్టకుండానే లేచాడు. తిన్నగా కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, ఎవరి చెత్త వాళ్లు చూసుకోవాలి గాని, మధ్యన తోటవాళ్లేం చేశారు?"

రాజు పకపకా నవ్వాడు. "చెత్తకు యజమాని ఉంటాడా కోనప్పా? పారేసిన క్షణానే అది ఎవరిదీ కాకుండా పోతుంది."

"ఉన్నాడని చూపిస్తే?"

"వాడెవడైనా సరే, తన చెత్త తనే చూసుకుంటాడు. తోటపల్లె జోలికి ఎవరూ పోరు. చూపించలేకపోతే వాళ్లతోపాటు నువ్వూ మూట కట్టుకో. నీకు మూడు రోజులే!"

కోనప్ప గుట్ట దగ్గరికి వెళ్లాడు. రాజ్యంలోకెల్లా గొప్ప ముక్కు కదా, మొదటి పీల్పుకే కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఓబులమ్మ మొహాన నీళ్లు చల్లింది.

"మంచి ముక్కే. పనికి మాత్రం రాదు," అంది.

తోటపల్లెవాళ్లు పారలు, తట్టలు తెచ్చి గుట్టను విడదీయసాగారు. ఏది ఎటు వేయాలో కోనప్పకు తెలిసి చావలేదు. ఓబులమ్మ చేతులకు మాత్రం ఆ పని అలవాటే. తొక్కలు, ఎంగిలి, వాడిన పూలు ఒక పక్క. కుండ పెంకులు ఒక పక్క. చిరుగు గుడ్డలు ఇంకో పక్క.

"కుళ్లేదంతా గోతిలో వేసి మట్టి కప్పితే కొన్నాళ్లకు నల్లటి ఎరువు. నా తోటకూర ఊరికే అంత ఏపుగా వస్తోందా? పెంకులు దంచి సున్నంలో కలుపుతారు. గుడ్డలు కాగడాలకు పోతాయి. పనికిరానిది గుప్పెడే సామీ. అన్నీ కలిపి పోస్తేనే ఈ కంపు."

రెండో రోజు మధ్యాహ్నం కోనప్ప ముక్కు ఉన్నట్టుండి నిక్కింది. అంత కంపులోంచీ పచ్చకర్పూరం వాసన! పచ్చకర్పూరం వేసిన పాయసం నగరంలో ఒక్క చోటే వండుతారు. పాక్కుంటూ పోయి ఒక విస్తరి లాగి తిరగేశాడు. వెనకాల నల్లటి సింహం.

"ఓబులమ్మా! పల్లెలో ఉన్న గొడుగులన్నీ తెప్పించు. మేళగాళ్లను నేను పిలుస్తాను," అన్నాడు.

మూడో రోజు నిండు సభ. బయట డోలు, సన్నాయి మోగాయి. ఎవరో మళ్లీ కత్తి తెచ్చారనుకుని రాజు మీసం సవరించుకున్నాడు. కోనప్ప పట్టిన గొడుగు కింద, ఇత్తడి పళ్లెంలో, ఓబులమ్మ ఒక పగిలిన పెరుగు కుండను తెచ్చింది.

"సింహముద్ర వేంచేసింది ప్రభూ!"

రాజు బిత్తరపోయాడు. కానీ శాసనం తనదే, ఇంకా తిరిగి వెళ్లని రాయబారి ఎదురుగానే ఉన్నాడు. లేచి, మెట్లు దిగి, కుండను అందుకున్నాడు. సభవాళ్లు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఆయన మెట్లెక్కి కూర్చున్నాడో లేదో రెండో గొడుగు వచ్చింది. దాని కింద ఎంగిలి విస్తరి. మళ్లీ లేచాడు. తరవాత మూతి విరిగిన కుండ. తరవాత ఇంకో విస్తరి. పదోసారికి చిరునవ్వు పోయింది. ఇరవయ్యోసారికి కిరీటం చెవి మీదికి జారింది. నలభయ్యోసారికి రాజు మోకాళ్లు పట్టుకుని మెట్టు మీదే చతికిలబడ్డాడు.

"ఇంకా ఎన్ని కోనప్పా?"

"వరుస తూర్పు ద్వారం దాకా ఉంది ప్రభూ. ఇవాళ కుండలు, విస్తళ్లు. నూనె జాడీలు రేపు వేంచేస్తాయి."

"గుట్టంతా నాదేనా?"

"సగమే ప్రభూ. తక్కిన సగంలో అంగళ్లవాళ్లదీ ఉంది, మా ఇంటి అరటితొక్కలూ ఉన్నాయి. నాకు ముద్ర లేదు గనక దొరకలేదు."

"శాసనం రద్దు చేస్తే?"

"చేయవచ్చు. ప్రచండవర్మ తనను చూసి తనే లేవడం మానేశాడని రాయబారిగారు తమ రాజుకు రాసుకుంటారు."

రాయబారి ఉత్తరీయం చాటున కిసుక్కుమన్నాడు. రాజు మోకాలు రుద్దుకున్నాడు.

"మరి నేను లేవకుండా ఉండే దారి చెప్పు."

"సింహాలు గుట్ట దాకా రాకుండా చూస్తే చాలు ప్రభూ. వంటశాలలో రెండు బుట్టలు పెట్టించండి. కుళ్లేది ఏ రోజుకారోజు తోటపల్లె గోతులకు, కుళ్లనిది దంచేవాళ్లకు. విస్తరి వెనక సింహం లేకపోయినా అతిథుల ఆకలి తీరుతుంది."

రాజు చేతిలోని కుండను తిప్పి చూశాడు. సింహం మీసాలకు ఎండిన పెరుగు అంటుకుని ఉంది. ఒక్కసారి భళ్లున నవ్వాడు. కిరీటం ఊడి కింద పడినా నవ్వు ఆపలేదు.

"నా సింహానికి పెరుగు మీసాలు పెట్టావు కదరా! గెలిచావు. యజమానిని నేనే. నా చెత్త నేనే చూసుకుంటాను. తోటపల్లె తోటపల్లెవాళ్లదే."

కోటలో రెండు బుట్టలు వచ్చాయి. కోటలో వచ్చాయంటే అంగళ్లలోనూ, ఇళ్లలోనూ రాకుండా ఉంటాయా? గుట్ట నెలనెలా కుంగి, చివరికి ఆ చోట గోంగూర మొలిచింది. మరుసటేడు వచ్చిన రాయబారి ఉత్తరీయం భుజం మీదే ఉంచుకుని, పోతూ పోతూ ఓబులమ్మ దగ్గర రెండు కట్టలు పట్టుకుపోయాడు.

రాజు కోనప్ప ముక్కుకు సన్మానమని బంగారు ముక్కెర బహూకరించాడు. దాన్ని అతని భార్య నాంచారమ్మ పెట్టుకుని, పెరట్లో తనూ రెండు బుట్టలు పెట్టింది. కోనప్ప రోజూ అరటిపండు తిని, తొక్క పట్టుకుని వాటి ముందు నిలబడతాడు. "ఎడమదండీ!" అని నాంచారమ్మ లోపల్నుంచి అరిచాక వేస్తాడు.

రాజును నలభైసార్లు లేపిన కోనప్ప, ఏ బుట్ట దేనికో మాత్రం ఇంతవరకూ నేర్చుకోలేదు.